సర్వర్ దగ్గరికి మనిషి వెళ్లలేనప్పుడు: రిమోట్ కన్సోల్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది

సంక్షిప్తంగా: ఆపరేటింగ్ సిస్టమ్ లేవకపోయినా సర్వర్ తెరనూ కీబోర్డునూ దూరాన ఉన్న మనిషికి అందించేది రిమోట్ కన్సోల్. దాన్ని పెట్టుకోవడానికి ఒక పూట చాలు. కానీ కరెంటు, నెట్, పాస్‌వర్డ్‌ల విషయంలో అది అసలు సర్వర్ మీదే ఆధారపడి ఉంటే, కావాల్సిన రోజునే చేతికి రాదు. పైగా రోజూ వాడేది కాదు కాబట్టి చెడిపోయిన సంగతి కూడా తెలియదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోతకు బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చి హైదరాబాద్ వైపు రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజున నీళ్లు రాని వీధిలో, రెండో అంతస్తులో క్షేమంగా ఉన్న సర్వర్ కూడా అందకుండా పోగలదు. దాన్ని చూసుకునే మనిషి గుంటూరులోనో హైదరాబాదులోనో ఉంటే చాలు.

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రులు, ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు, ఇలాంటి చాలాచోట్ల లెక్కలూ స్కాన్ చిత్రాలూ ఒకటి రెండు సర్వర్ల మీద నడుస్తాయి. వాటికి సొంత సిస్టమ్ అడ్మిన్ ఉండటం అరుదు. నెలకింత అని మాట్లాడుకున్న కాంట్రాక్టు మనిషి ఫోన్‌లో ఉంటాడు. రిమోట్ కన్సోల్ అవసరం పెద్ద డేటా సెంటర్ల కంటే ఇక్కడే ఎక్కువని చెప్పవచ్చు. డేటా సెంటర్‌లో అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరు ఉంటారు. కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ ఉంటాడు.

పింగ్ రాకపోతే సర్వర్ పోయినట్టేనా?

కరెంటు పోయి వచ్చాక సర్వర్ పింగ్‌కు (ఉన్నావా అని నెట్ మీద పంపే చిన్న పలకరింపుకు) బదులివ్వకపోతే వెంటనే ‘పోయింది’ అనేస్తారు. చాలాసార్లు అది పోయి ఉండదు, ఎవరైనా మీట నొక్కితే కదులుదామని ఆగి ఉంటుంది.

లినక్స్ సర్వర్‌నే చూద్దాం. బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్క్ వివరాలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో రాసి ఉన్నాయి. ఆ డిస్క్‌ను ఎవరో పీకేశారు. ఆ రోజుకు ఏమీ కాదు. నెలల తర్వాత కరెంటు పోయి సర్వర్ మళ్లీ మొదలైనప్పుడు, లినక్స్‌లో పనులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఆ డిస్క్ కోసం మామూలుగా ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, దొరక్క ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. దూరం నుంచి లాగిన్ అయ్యే దారైన ఎస్‌ఎస్‌హెచ్ మొదలవదు. బయటి నుంచి చూసేవాళ్లకు యంత్రం చచ్చినట్టే. తెర మీద మాత్రం రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ ఇవ్వండి, లేదా కంట్రోల్-డి నొక్కండి అని ఒక్క వాక్యం కనిపిస్తూ ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ వరుసకు ‘నోఫెయిల్’ అనే మాట ముందే చేర్చి ఉంటే ఈ టెన్షనే ఉండేది కాదు. చేర్చనప్పుడు, ఆ తెరను చూడగలిగినవాడికి ఇది రెండు నిమిషాల పని. చూడలేనివాడికి బస్సు ప్రయాణం.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని లినక్స్ రకాల్లో రూట్ ఖాతాకు మొదటి నుంచీ తాళం వేసి ఉంటుంది. కాబట్టి ఎమర్జెన్సీ మోడ్‌కు వెళ్లినా ‘రూట్ ఖాతా లాక్ అయి ఉంది, కన్సోల్ ఇవ్వలేను’ అని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టి, సిస్టమ్‌ను లోడ్ చేసే గ్రబ్ మెనూ దగ్గరే పట్టుకోవాలి. అంటే కన్సోల్ లాగిన్ దగ్గర కనిపిస్తే చాలదు. యంత్రం మొదట నడిపే బయోస్, ఆపై గ్రబ్, సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్, చివరికి లాగిన్ ఇవన్నీ వరుసగా కనిపించాలి. సెటప్‌లో జరిగే తప్పులు ఎక్కువగా ఈ వరుస మధ్యలో తెగిపోయేవే.

విండోస్‌లో ఇదే పాఠం 2024 జులై 19న పెద్ద ఎత్తున కనిపించింది. భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర నిలిచిపోయాయి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే సరిపోయేది. రిమోట్ కన్సోల్ ఉన్న సర్వర్లకు ఆ పని కుర్చీలో నుంచే చేయవచ్చు. అది లేని వాటి దగ్గరికి ఒక్కొక్కదానికీ మనిషి వెళ్లాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటే రికవరీ కీ కూడా వెతుక్కోవాలి.

రెండు దారులు

సర్వర్ తెరను బయటికి తెచ్చే పద్ధతులు ప్రధానంగా రెండు. పాతది సీరియల్ పోర్టు. మూడు తీగలతో కూడా పనిచేసే ఆర్‌ఎస్-232 కేబుల్ మీద అక్షరాలు వెళ్తాయి, వస్తాయి. బొమ్మలుండవు, మౌస్ ఉండదు. రౌటర్లూ స్విచ్‌లూ నేటికీ ఇదే దారి ఇస్తున్నాయి.

రెండోది మదర్‌బోర్డు మీదే ఉండే మరో చిన్న కంప్యూటర్. దాని పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, పొట్టిగా బీఎంసీ. డెల్ దాన్ని ఐడ్రాక్ అంటుంది, హెచ్‌పీఈ ఐలో అంటుంది. సర్వర్ ఆపి ఉన్నా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు ఇది మేలుకునే ఉంటుంది. ఆన్ చేయడం, ఆపడం, వేడి చూడటం, తెర చూపించడం అన్నీ చేస్తుంది. దీనితో మాట్లాడే భాషగా ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి 1998లో ఐపీఎంఐ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. 2004లో వచ్చిన ఐపీఎంఐ 2.0తో సీరియల్ అక్షరాలను నెట్ మీదుగా పంపే ‘సీరియల్ ఓవర్ ల్యాన్’ పద్ధతి ప్రమాణంలో భాగమైంది. 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ రెడ్‌ఫిష్‌ను విడుదల చేసింది. అది మామూలు వెబ్ పద్ధతిలో, హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది. కొత్త సర్వర్లన్నీ అటే మళ్లుతున్నాయి.

కొనేటప్పుడు కళ్లు కప్పే విషయం లైసెన్సు. చాలా మోడళ్లలో గ్రాఫిక్ తెర పూర్తిగా వాడుకోవాలంటే పై స్థాయి లైసెన్సు కొనాలి. అక్షరాల సీరియల్ దారి మాత్రం సాధారణంగా మామూలు స్థాయిలోనే దొరుకుతుంది. కొటేషన్‌లో ‘రిమోట్ మేనేజ్‌మెంట్ ఉంది’ అని ఉన్నంత మాత్రాన తెర కనిపిస్తుందని కాదు.

సర్వర్ పేరుతో నడుస్తున్నది అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ అయితే అందులో బీఎంసీ ఉండదు. మన ఊళ్లలో ఇది మామూలే. అప్పుడు రాస్‌బెరీ పై మీద నడిచే పైకేవీఎం లాంటి పరికరం పనికొస్తుంది. అది హెచ్‌డీఎంఐ నుంచి తెరను తీసుకుని, యూఎస్‌బీ వైపు కీబోర్డులా నటిస్తుంది. అయితే పవర్ బటన్ తీగలను కూడా దానికి కలపాలి. లేకపోతే హ్యాంగ్ అయిన యంత్రాన్ని చూస్తూ కూర్చోవడమే తప్ప చేయగలిగింది ఉండదు.

మధ్యలో కన్‌సర్వర్ ఎందుకు?

బీఎంసీలోని సీరియల్ దారి సాధారణంగా ఒకసారి ఒక్కరికే తెరుచుకుంటుంది. నిన్న రాత్రి ఒకరు ల్యాప్‌టాప్ మూసేసి వెళ్లిపోయి, సెషన్ అలాగే ఉండిపోతే రెండో మనిషికి ‘ఇప్పటికే వాడుకలో ఉంది’ అన్న జవాబే వస్తుంది. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ఎవరూ చూడని సమయంలో తెర మీద వచ్చిన సందేశాలు ఎక్కడా నమోదు కావు. సర్వర్ తెల్లవారుజామున పడిపోతే, పడిపోయే ముందు కెర్నల్ చెప్పిన ఆఖరి మాటలు పోయినట్టే. డిస్కే మొరాయించినప్పుడు అవి సర్వర్ సొంత లాగ్‌లోకి కూడా చేరవు.

కన్‌సర్వర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఈ రెండింటికీ జవాబు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పుట్టి, తర్వాత చాలామంది చేతుల మీదుగా పెరిగింది. ఇది ప్రతి కన్సోల్‌నూ తానే ఎప్పుడూ పట్టుకుని ఉండి, వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఫైలులో రాస్తుంది. చూడాల్సినవాళ్లు దీని దగ్గరికి వస్తారు. ఎంతమందైనా చూడవచ్చు, టైప్ చేసే అధికారం ఒకసారి ఒక్కరికే. అత్యవసరమైతే కంట్రోల్-ఈ, సీ, ఎఫ్ వరుసగా నొక్కి ఆ అధికారాన్ని లాక్కోవచ్చు. చివరి అక్షరం బదులు చుక్క పెడితే బయటికి వచ్చేస్తారు. ఏ మీట దేనికో మర్చిపోతే ప్రశ్నార్థకం.

సెట్టింగులన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఒక్కో సర్వర్‌కు ఒక పేరు, అది ఏ దారిన దొరుకుతుందో, లాగ్ ఎక్కడ రాయాలో, ఎవరికి అనుమతో అందులో రాస్తారు. దారి సీరియల్ పోర్టు కావచ్చు, సీరియల్ పోర్టులను నెట్‌కు కలిపే టెర్మినల్ సర్వర్ అడ్రసు కావచ్చు, ఐపీఎంఐ కమాండ్ కావచ్చు. ఫైలు మార్చాక నేరుగా రీస్టార్ట్ చేయకుండా, పెద్ద ఎస్ ఆప్షన్‌తో నడిపి తప్పులేవైనా ఉన్నాయేమో చూసుకోవచ్చు. ఆ తర్వాత హ్యాంగప్ సిగ్నల్ ఇస్తే ఫైలును మళ్లీ చదువుకుంటుంది. మార్పు లేని కన్సోళ్లను కదిలించదు.

సెటప్‌లో దారి తెగే చోట్లు

అందరికీ మొదట ఎదురయ్యేది వేగం. సర్వర్ సెకనుకు 115200 బిట్ల వేగంతో పంపుతుంటే అవతల 9600 పెట్టి ఉంటే తెర నిండా పిచ్చి గుర్తులు వస్తాయి. వేగాన్ని ఒక్కచోట మారిస్తే చాలదు. బయోస్, గ్రబ్, కెర్నల్ ఎవరికి వారే సొంత సెట్టింగ్ చూసుకుంటారు. బయోస్ మెనూ చక్కగా కనిపించి, గ్రబ్ దగ్గర తెర ఖాళీ అయి, లాగిన్ మళ్లీ కనిపిస్తే తేడా గ్రబ్ ఫైలులో ఉన్నట్టు. పోర్టు నంబరు కూడా అంతే. చాలా బోర్డుల్లో బీఎంసీకి కలిసిన పోర్టు లినక్స్‌కు మొదటిది కాదు, రెండోది. సున్నా నుంచి లెక్కపెట్టే అలవాటు వల్ల దాన్ని ఒకటో నంబరు అంటారు.

కెర్నల్‌కు రెండు కన్సోళ్లు చెబితే సందేశాలు రెండింటికీ వెళ్తాయి. కానీ చివర రాసిందే ప్రధాన కన్సోల్ అవుతుంది. ఎమర్జెన్సీ మోడ్ ప్రశ్న అడిగేది అక్కడే. సీరియల్‌ను ముందు రాసి మామూలు తెరను చివర రాస్తే, దూరాన ఉన్నవాళ్లకు కెర్నల్ సందేశాలన్నీ కనిపించి, జవాబివ్వాల్సిన చోటు మాత్రం కనిపించకపోవచ్చు.

వేగానికి ఇంకో కోణం ఉంది. 9600 అంటే సెకనుకు సుమారు 960 అక్షరాలు. ఒక మెగాబైట్ సందేశాలు బయటికి రావడానికి 18 నిమిషాలు పడుతుంది. ఫైర్‌వాల్ ఆపేసిన ప్రతి ప్యాకెట్ వివరాన్నీ కెర్నల్ కన్సోల్‌కు పంపేలా ఎవరైనా పెడితే, సందేశం బయటికి పోయేదాకా పనులు ఆగి సర్వర్ మొత్తం నత్తనడక నడుస్తుంది. కన్సోల్‌కు ముఖ్యమైన హెచ్చరికలే వెళ్లేలా స్థాయిని తగ్గించడం మంచిది.

రాస్‌బెరీ పైకి నాలుగు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లు తగిలించి చవకగా కన్సోల్ సర్వర్ చేసుకునేవాళ్లు పేర్ల దగ్గర దెబ్బతింటారు. టీటీవై యూఎస్‌బీ 0, 1, 2 అనే పేర్లు ఏ కేబుల్ ముందు గుర్తింపు పొందితే దానికి వస్తాయి. రీస్టార్ట్ తర్వాత 0, 1 తారుమారు కావచ్చు. బిల్లింగ్ సర్వర్ అనుకుని రీబూట్ చేసింది స్కానింగ్ సర్వర్ అయితే ఆసుపత్రిలో గొడవే. దీనికి విరుగుడుగా లినక్స్ ప్రతి కేబుల్‌కూ గుర్తింపు ఆధారంగా మారని పేరు కూడా ఇస్తుంది. చవక కేబుళ్లలో వేర్వేరు సీరియల్ నంబర్లు ఉండవు కాబట్టి, అక్కడ ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందన్న దాన్ని బట్టి వచ్చే పేరు వాడాలి. రంధ్రం పక్కనే చిన్న స్టిక్కర్ అంటించాలి, ఊడ్చేవాళ్లు పీకి మరోదాంట్లో పెట్టకుండా.

కన్సోల్ దేని మీద ఆధారపడి ఉంది?

ఈ వ్యవహారంలో అసలు కీలకం ఇదే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. వెన్నెముక నెట్‌వర్క్ మీద ఇచ్చిన ఒక కమాండ్ వల్ల డేటా సెంటర్ల మధ్య సంబంధాలు తెగాయి. ఇలాంటి రోజు కోసమే పెట్టుకున్న విడి దారి కూడా అప్పుడు పనిచేయలేదని, ఇంజినీర్లను మనుషులుగా డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చిందని ఆ సంస్థే చెప్పింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయినప్పుడూ ఇదే కథ. నిర్వహణ నెట్‌వర్క్ కూడా ప్రధాన నెట్‌వర్క్ మీదుగానే వెళ్తుండటంతో, సరిచేయాల్సినవాళ్లకే లోపలికి దారి లేకపోయింది. తాళంచెవి లోపలే పెట్టి తలుపు లాక్కున్నట్టు.

ఆ స్థాయి సంస్థలే ఇరుక్కున్న చోట చిన్న ఆఫీసు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. కన్‌సర్వర్ నడిచే యంత్రం అదే సర్వర్ మీద వర్చువల్ మెషిన్‌గా (సాఫ్ట్‌వేర్‌తో చేసిన యంత్రంగా) ఉంటుంది. లేదా లాగిన్ కోసం అది అడిగే యూజర్ల జాబితా (యాక్టివ్ డైరెక్టరీ) ఆ పడిపోయిన సర్వర్‌లోనే ఉంటుంది. బీఎంసీల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ కూడా అక్కడే. సర్వర్‌కు యూపీఎస్ ఉంటుంది, బీఎంసీ కేబుల్ వెళ్లే పది పోర్టుల స్విచ్ మాత్రం గోడ ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోగానే ముందు పోయేది ఆ స్విచ్చే.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి స్థానికమైన ఇంకో కారణం ఉంది. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది. కేబుల్ ఆపరేటర్ల ఫైబర్ కూడా వీధుల్లో స్తంభాలకే వేలాడుతుంది. ఈదురుగాలికి స్తంభం పడితే కరెంటు, నెట్ ఒకేసారి పోతాయి. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. ఆ రెండూ ఒకే స్తంభం మీద వస్తున్నాయేమో వీధిలోకి వెళ్లి తల ఎత్తి చూడాలి.

రెండో దారిగా 4జీ మోడెమ్ మంచి ఎంపికే. కానీ మొబైల్ కంపెనీలు సాధారణంగా ఒకే పబ్లిక్ అడ్రసును ఎంతోమందికి పంచుతాయి కాబట్టి బయటి నుంచి దానికి నేరుగా కనెక్ట్ కాలేరు. మోడెమ్ వెనక ఉన్న పరికరమే బయట ఉన్న ఒక వీపీఎన్ (ప్రైవేటు సొరంగం లాంటి నెట్ దారి) కేంద్రానికి కనెక్ట్ అయి ఉండాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌తో ఇది తేలిక. ఆ దారి మూసుకుపోకుండా 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపేలా పెడితే సరిపోతుంది. టవర్ కూడా బ్యాటరీ, డీజిల్ మీదే బతుకుతుందని గుర్తుంచుకుంటే ఈ దారి మీద అతి నమ్మకం ఉండదు.

అవతలివాళ్లకూ ఇదే దారి

కన్సోల్ చేతికి వస్తే సర్వర్ చేతికి వచ్చినట్టే. ఐపీఎంఐ 2.0లో ఒక లోపం దాని రూపకల్పనలోనే ఉంది. లాగిన్ పూర్తి కాకముందే, యూజర్ పేరు చెప్పినవాళ్లకు ఆ పాస్‌వర్డ్ నుంచి తయారైన హ్యాష్‌ను (గుర్తు సంకేతాన్ని) బీఎంసీ పంపేస్తుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా విప్పుకోవచ్చు. ఇది 2013లో బయటపడింది. ప్రమాణంలోనే ఉంది కాబట్టి ఫర్మ్‌వేర్ (బీఎంసీ లోపలి సాఫ్ట్‌వేర్) మారిస్తే పోయేది కాదు. పాస్‌వర్డ్ గరిష్ఠంగా 20 అక్షరాలే కాబట్టి ఆ ఇరవైనీ పూర్తిగా వాడటం, యూడీపీ 623 పోర్టును బయటి ప్రపంచానికి కనిపించనివ్వకపోవడం, ఇంతే చేయగలిగేది.

ఇది పాత సంగతి అనుకోవడానికి లేదు. ఎన్నో కంపెనీల బోర్డుల్లో ఉండే ఏఎంఐ మెగారాక్ ఫర్మ్‌వేర్‌లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లగలిగే లోపం 2025 మార్చిలో వెల్లడైంది. తీవ్రత పదికి పది. అదే ఏడాది జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా దాన్ని ‘దాడుల్లో నిజంగా వాడుతున్న లోపాల’ జాబితాలో చేర్చింది. ఆ జాబితాకెక్కిన మొదటి బీఎంసీ లోపం అదే.

సర్వర్ గదిలో చూసుకోవాల్సింది ఒకటుంది. కొన్ని బోర్డుల్లో బీఎంసీకి ప్రత్యేక పోర్టు ఉన్నా, అందులో కేబుల్ లేకపోతే అది తనంతట తానే మొదటి మామూలు నెట్‌వర్క్ పోర్టును పంచుకుంటుంది. కేబుల్ పెట్టలేదు కదా, బీఎంసీ బయట లేదని అనుకుంటూ ఉంటారు. అది ఆఫీసు వైఫైలో ఉన్న అందరికీ కనిపిస్తూ ఉంటుంది. పాత డెల్ యంత్రాల్లో రూట్, కాల్విన్ అన్న ఫ్యాక్టరీ యూజర్ పేరు-పాస్‌వర్డ్ జోడీ ఇంకా అలాగే ఉంటే ఇక చెప్పేదేముంది. కొత్త యంత్రాలకు ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద వస్తోంది. ర్యాక్‌లో బిగించేశాక ఆ స్టిక్కర్ కనిపించదు కాబట్టి, బిగించే ముందే ఫొటో తీసి భద్రపరచాలి.

నిర్వహణ: లాగ్, గడియారం, రిహార్సల్

కన్సోల్ లాగ్ పెరుగుతూ పోతుంది. కన్‌సర్వర్‌లో పరిమితి పెట్టుకుంటే, అది దాటాక ఫైలుకు తేదీ, సమయం తోకగా తగిలించి కొత్తది మొదలుపెడుతుంది. అలా పాత ఫైళ్లు పేరుకుంటూ ఉంటాయి. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంప్యూటర్, కమ్యూనికేషన్ (ఐసీటీ) వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు, దేశ పరిధిలోనే ఉండాలి. గుర్తించిన సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలియజేయాలి. గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ వారి సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్లతో కలపాలి. కాబట్టి ఆ పాత ఫైళ్లను 180 రోజులకు ముందే తీసేయకుండా దాచుకోవాలి. ఆ ఫైళ్లు చదివే అధికారం అడ్మిన్‌కే ఉండాలి. యూజర్ పేరు అడిగే చోట తొందరలో పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు ఉంటారు, అది తెర మీద కనిపిస్తుంది, లాగ్‌లో పడుతుంది.

గడియారం విషయంలో బీఎంసీ విచిత్రంగా ఉంటుంది. సమయం అందకపోతే కొన్ని 1970 జనవరి 1 నుంచి మొదలుపెడతాయి. ఫ్యాన్ ఆగిన ఘటన 1970లో జరిగినట్టు కనిపిస్తే, సర్వర్ లాగ్‌తో పోల్చి చూడటం కష్టం. బీఎంసీ తన ఘటనలను రాసుకునే జాబితాకు చోటు తక్కువ. నిండిపోతే కొన్ని మోడళ్లు కొత్తవి రాయడం మానేస్తాయి. అప్పుడప్పుడు దాన్ని కాపీ చేసుకుని ఖాళీ చేయాలి.

బీఎంసీ కూడా కంప్యూటరే కాబట్టి హ్యాంగ్ అవుతుంది. దాన్ని ఒక్కదాన్నే కోల్డ్ రీసెట్ చేయవచ్చు, మామూలుగా సర్వర్ ఆగదు. పాత బీఎంసీల వెబ్ పేజీలకు జావా, పాత టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కావాలి. ఇప్పటి బ్రౌజర్లు వాటిని తెరవవు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో హెచ్‌టీఎంఎల్5 తెర వస్తే సరే, రాకపోతే పాత బ్రౌజర్ ఉన్న ఒక వర్చువల్ మెషిన్‌ను నెట్‌కు దూరంగా, దీనికోసమే ఉంచుకోక తప్పదు.

ఇక రిహార్సల్. వేసవిలో కరెంటు కోతలు మొదలయ్యే ముందు, వానాకాలానికి ముందు, ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు. ఆఫీసు బయట, మొబైల్ నెట్ మీద కూర్చుని ప్రధాన ఇంటర్నెట్ కేబుల్ పీకించాలి. ఒక సర్వర్‌ను కన్సోల్ నుంచే రీస్టార్ట్ చేసి బయోస్ నుంచి లాగిన్ దాకా తెర తెగకుండా వచ్చిందో లేదో చూడాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ గుర్తున్నవి కాకుండా కాగితం మీద రాసి ఉన్నవే వాడాలి. ఆ పని కూడా రోజూ చూసుకునే మనిషి కాకుండా, అతను సెలవులో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తేవాళ్లు చేయాలి.